పోపుగారి కొత్తకోట

ఎగిరే పళ్ళేలకు ఆ ఊళ్ళో ప్రవేశం లేదు.

జోకు కాదండీ. 1954 అక్టోబరులో ఆ ఊరి మేయరుగారు సంతకం పెట్టి మరీ జారీ చేసిన ఉత్తర్వు అది. అందులో మూడు ముక్కలున్నాయి. ఏ జాతివైనా సరే, ఎగిరే పళ్ళేలు గానీ ఎగిరే చుట్టలు గానీ ఊరి మీదుగా ఎగరడం, ఊళ్ళో దిగడం, మళ్ళీ లేవడం నిషేధం. ఒకవేళ దిగితే వెంటనే జప్తు. ఇక ఈ ఉత్తర్వు అమలు జరిగేలా చూసే పూచీ... ఊరి పొలాల కావలివాడిది!

పాపం, ఆ కావలివాణ్ణి తలుచుకుంటే నవ్వాగదు. అర్ధరాత్రి ఆకాశంలోంచి ఓ వింత వాహనం దిగుతుంది. తలుపు తెరుచుకుంటుంది. మనవాడు లాంతరు పైకెత్తి 'ఎవరది? దిగడానికి వీల్లేదని తెలీదా?' అని గద్దించాలన్నమాట.

ఈ ఊరు ఫ్రాన్సు దక్షిణాన ఉంది. ఆవిన్యోన్‌, ఒరాంజ్‌ పట్టణాల మధ్య, రోన్‌ నది ఒడ్డున. పేరు షాతోనెఫ్‌ దు పాప్‌. నోరు తిరగలేదా? తెలుగులో చెప్పుకుంటే చాలా సులువు. 'పోపుగారి కొత్తకోట' అని దాని అర్థం. పోపంటే మన తాలింపు కాదు లెండి, రోమన్‌ కాథలిక్కుల మతగురువు. కొత్తకోటలు మనకీ బోలెడున్నాయి. వాటిలో జనాభా ఈ ఊరి కన్నా ఎక్కువే ఉంటుంది కూడా. అక్కడ మొత్తం జనం రెండువేల పైచిలుకు. కానీ వైన్‌ గురించి ఏ కాస్త తెలిసినవాడైనా ఆ రెండువేల మంది ఊరి పేరు వినగానే తలెత్తి చూస్తాడు. ఎందుకంటే ఫ్రాన్సులో పండే మహా గట్టి ఎర్ర వైన్లలో ఒకటి ఆ ఊరిదే. ఊరి పేరే వైన్‌ పేరు.

ఇక్కడ ఓ మాట. ఇది తాగమని చెప్పడానికి రాస్తున్నది కాదు. ఒక ఊరు తన పేరును ఎలా కాపాడుకుందో ఆ కథ చెప్పాలని. ఆ మాత్రం తెలుసుకోవడానికి గ్లాసు అక్కర్లేదు.

ముందు పోపుగారు అక్కడికెందుకొచ్చారో చూద్దాం. పోపు ఉండాల్సింది రోములో కదా. 14వ శతాబ్దం మొదట్లో ఇటలీలో కలహాలు, ఫ్రాన్సు రాజు పలుకుబడి... అన్నీ కలిసి 1309లో అయిదో క్లెమెంట్‌ పోపు తన పీఠాన్ని ఆవిన్యోన్‌కి మార్చారు. ఈయన అంతకుముందు బోర్డోలో ఆర్చిబిషప్పు. ద్రాక్షతోటలు తెలిసిన మనిషి. బోర్డో పక్కన ఇప్పటికీ ఆయన పేరుతో ఒక తోట ఉంది. ఆయన తర్వాత వచ్చిన 22వ జాన్‌ పోపు, ఆవిన్యోన్‌కి కాస్త ఉత్తరాన, గుట్ట మీద ఉన్న ఈ పల్లెలో వేసవి విడిదిగా కోట కట్టించారు. చుట్టూ తోటలు పెంచారు. 1370ల చివర్లో పోపులు తిరిగి రోము చేరారు. కోట మిగిలింది, తోటలు మిగిలాయి. కోట కూడా పూర్తిగా మిగల్లేదు. మతయుద్ధాలప్పుడు కొంత పోయింది. 1944లో వెనక్కి వెళ్ళిపోతున్న జర్మన్‌ సైనికులు మందుగుండు పెట్టి పేల్చేస్తే బురుజు సగం కూలింది. మిగిలిన సగం గోడ ఇవాళ్టికీ గుట్ట మీద నిలబడి కనిపిస్తుంది.

కోట కన్నా విచిత్రం కింద నేల. మొదటిసారి చూసినవాళ్ళకి 'ఇక్కడ పంటేమిటి?' అనిపిస్తుంది. చాలాచోట్ల మట్టి కనపడదు. ఎటు చూసినా నున్నటి గులకరాళ్ళు. గులకరాళ్ళంటే మన గోదారి ఒడ్డున పిల్లలు ఏరుకునే సైజు కాదు, కొన్ని కొబ్బరికాయంతేసి ఉంటాయి. వేల వేల ఏళ్ళ కిందట రోన్‌ నది ఆల్ప్స్‌ కొండల నుంచి దొర్లించుకుంటూ తెచ్చి పరిచిన రాళ్ళవి. పగలంతా ఎండకి పెనంలా కాలతాయి. రాత్రి ఆ వేడిని మెల్లగా వదులుతాయి. అంటే తీగకి పగలు పైనుంచి ఎండ, రాత్రి కిందనుంచి సెగ. పైగా ఆ రాళ్ళ కప్పు కింద మట్టిలో తడి త్వరగా ఆరిపోదు.

అలాగని రాళ్ళుంటేనే వైన్‌ బాగుంటుందని తీర్మానించకండి. ఈ ఊళ్ళో అందరికన్నా పేరున్న తోటల్లో ఒకటి రాయాస్‌. అక్కడ ఉన్నదంతా ఇసకనేల! పేరులో రాయి ఉంది గానీ చేలో లేదు.

ఇక గాలి. ఉత్తరాన్నించి రోన్‌ లోయ వెంట ఈడ్చి కొట్టే చల్లటి గాలి ఒకటుంది. దాన్ని మిస్త్రాల్‌ అంటారు. ఏడాదిలో వంద రోజులకు పైగా వీస్తుంది. తలుపులూ కిటికీలూ టపటపలాడిస్తుంది, మనుషుల బుర్రలు వాయగొడుతుంది. రైతు మాత్రం దాన్ని తిట్టుకుంటూనే మొక్కుకుంటాడు. వానపడ్డాక ఆకుల మీద తడిని తుడిచిపెట్టి బూజు తెగుళ్ళని దూరంగా ఉంచేది అదే మరి. ఒకప్పుడు హైదరాబాదు చుట్టుపక్కల పందిళ్ళ కింద అనాబ్‌-ఎ-షాహీ గుత్తులు వేలాడుతూ ఉండేవి, గుర్తుందా? ఇక్కడ పందిరి వేస్తే మిస్త్రాల్‌ ఒక్కరోజులో ఎత్తుకుపోతుంది. అందుకే గ్రెనాష్‌ తీగల్ని మోకాలెత్తు మోళ్ళలా, ఏ ఊతమూ లేకుండా పొదల్లాగా కత్తిరించి పెంచుతారు. పండు కూడా మనం తినే ద్రాక్షలా ఉండదు. చిన్నది. లోపల గింజలు, పైన మందపాటి తొక్క.

ఆ తొక్కలోనే ఉంది అసలు సంగతి. నల్లద్రాక్షని పిండితే వచ్చే రసం నల్లగా ఉండదు, ఇంచుమించు తెల్లగానే ఉంటుంది. రంగూ, వగరూ తొక్కలో ఉంటాయి. అందుకని తొక్కలతో సహా తొట్లలో పోసి రెండు మూడు వారాలు పులియనిస్తారు. పులిసేటప్పుడు పుట్టే గ్యాసు తోపుకి తొక్కలన్నీ పైకి తేలి మందంగా అట్టకడతాయి. దాన్ని రోజూ లోపలికి అదమడమో, కింది రసం తోడి పైనుంచి పోయడమో చేస్తుంటారు. నేరేడుపండు కొరికితే నాలుక పట్టేసినట్టవుతుంది చూశారూ, ఆ వగరు వైన్‌లోకి దిగేది అప్పుడే.

ఇలాంటి వైన్‌ని తెలిసినవాళ్ళు 'ఫుల్‌బాడీ' అంటారు. మనకి దీన్ని వేరే విడమరచి చెప్పాలా? చారుకీ ముక్కల పులుసుకీ ఉన్న తేడా. ఒకటి గొంతులోంచి జారిపోతుంది, రెండోది నోరంతా నిండి కాసేపు అక్కడే కూర్చుంటుంది. ఇక్కడి తోటల్లో మూడొంతుల దాకా ఉండే గ్రెనాష్‌ రకానికి తీపి మహా ఎక్కువ. పులిసేటప్పుడు ఆ తీపంతా ఆల్కహాలుగా మారుతుంది. అందుకే దీంట్లో ఆల్కహాలు నూటికి 14, 15 పాళ్ళు ఉంటుంది. ఒక్క గ్రెనాష్‌తోనే సరిపెట్టరు. రంగుకి సిరా, వెన్నెముకకి మూర్‌వెద్ర్‌, ఇంకా కావాలంటే మరికొన్ని. 1936 నాటి నిబంధనల్లో మొత్తం 13 రకాలకు అనుమతి ఉంది. అందులో తెల్లద్రాక్షలు కూడా ఉన్నాయి, వాటిని ఎర్ర వైన్‌లో కలపొచ్చు! మన ఇళ్ళల్లో సాంబారుపొడి పాళ్ళలాగా ఎవరి లెక్క వాళ్ళది. 13 రకాలూ పండించే బోకాస్తెల్‌ లాంటి తోటలూ ఉన్నాయి, ఒక్క గ్రెనాష్‌ తప్ప మరోటి ముట్టని రాయాస్‌ లాంటివీ ఉన్నాయి.

ఇదంతా వింటే పోపుల కాలం నుంచీ ఆ ఊరివాళ్ళు దర్జాగా బతుకుతున్నారనిపిస్తుంది. అసలు కష్టాలు ఇప్పుడే మొదలవుతున్నాయి.

1860లలో నదికి అవతలి ఒడ్డున ఉన్న రోక్‌మోర్‌ అనే ఊళ్ళో ద్రాక్షతీగలు ఉన్నట్టుండి ఎండిపోవడం మొదలైంది. కారణం ఎవరికీ అంతుపట్టలేదు. 1868లో ప్లాంషోన్‌ అనే వృక్షశాస్త్రవేత్త, ఆయన తోటివాళ్ళూ వేర్లు తవ్వి భూతద్దంతో చూస్తే కంటికి ఆననంత పసుపుపచ్చటి పురుగులు కనిపించాయి. అమెరికా నుంచి తెచ్చిన తీగలతో పాటు ఓడెక్కి వచ్చిన పురుగు. పేరు ఫిలోక్సెరా. నది దాటి పోపుగారి కొత్తకోటకి రావడానికి దానికి ఎంతోకాలం పట్టలేదు. తోటలకి తోటలు పోయాయి. ఇది ఒక్క ఊరి గొడవ కాదు. 1875లో ఫ్రాన్సు మొత్తం మీద 8.4 కోట్ల హెక్టోలీటర్ల వైన్‌ తయారైతే, 1889 నాటికి అది 2.3 కోట్లకి పడిపోయింది.

మందు ఎక్కడ దొరికిందో తెలుసా? మళ్ళీ అమెరికాలోనే. అక్కడి తీగ వేర్లు ఈ పురుగుకి అలవాటు పడిపోయాయి, చావవు. కాబట్టి అమెరికా వేరు మీద ఫ్రెంచి కొమ్మని అంటు కట్టారు. అంటుమామిడి ఎరిగిన మనకి ఇందులో వింతేమీ లేదు గానీ, తాతల నాటి తోటని పెకలించి పరాయి వేరు నాటడానికి అక్కడి రైతులు ఎంత గింజుకుని ఉంటారో ఊహించవచ్చు. ఇవాళ ఆ ఊళ్ళో పండే గుత్తుల్లో చాలా మటుకు కిందనున్న వేరు అమెరికాదే.

వైన్‌ తగ్గిపోయింది. కానీ తాగేవాళ్ళు తగ్గలేదు కదా. ఆ ఖాళీలో కల్తీ పుట్టింది. పంచదార నీళ్ళు, ఎండుద్రాక్ష నానబెట్టిన రసం, ఎక్కడెక్కడి వైనో కలిపిన మిశ్రమం. తోటలు మళ్ళీ కాపుకి వచ్చాక కూడా ఆ కల్తీ సరుకు పోలేదు, ధరలు లేవలేదు. 1907లో పక్కనున్న లాంగ్‌డాక్‌ ప్రాంతంలో రైతులు లక్షల సంఖ్యలో వీధుల్లోకి వచ్చారు. నార్బోన్‌లో సైన్యం కాల్పుల్లో జనం చచ్చిపోయారు.

మన ఊరిది ఇంకో రకం అవస్థ. ఇక్కడి వైన్‌ గట్టిది కావడమే దానికి శాపమైంది. బర్గండీ వ్యాపారులు పీపాలకి పీపాలు చవగ్గా కొనుక్కుపోయి, ఎండ చాలక నీరసించిన తమ వైన్‌కి టానిక్కులాగా కలుపుకునేవారు. దానికి 'వైద్యపు వైన్‌' అని పేరు కూడా పెట్టారు. అక్కడ దీని ఒంట్లో సత్తువే కావాలి, పేరు అక్కర్లేదు. మరోపక్క, అసలు ఈ ఊరి మొహం చూడని వైన్‌ మీద ఈ ఊరి పేరు రాసి అమ్మేవాళ్ళు తయారయ్యారు. అక్కడ పేరే కావాలి, వైన్‌ అక్కర్లేదు. రైతుకి రెండు వైపులా నష్టమే.

1923లో కొందరు రైతులు బారన్‌ పియెర్‌ ల రువా అనే ఆయన దగ్గరికి వెళ్ళారు. అప్పటికి ఆయన వయసు ముప్ఫై మూడు. న్యాయశాస్త్రం చదివి, మొదటి ప్రపంచయుద్ధంలో విమానం నడిపి వచ్చిన మనిషి. నిజానికి ఆయన ఆ ఊరివాడు కాదు, ఫోర్తియా అనే తోట యజమాని కూతుర్ని చేసుకుని వచ్చిన అల్లుడు. 'మా పేరు దొంగలు వాడుకుంటున్నారు, మీరు నాయకత్వం వహించి కోర్టుకెక్కండి' అన్నది వాళ్ళ కోరిక. ఆయన సరేనన్నాడు, కానీ ఒక షరతు పెట్టాడు. దొంగల సంగతి తర్వాత, ముందు మీరు నిజాయతీగా ఉంటామని మాటివ్వాలి, కట్టుబాటు మన ఇంట్లోంచి మొదలవ్వాలి అని.

నాకు ఈ కథలో అన్నిటికన్నా నచ్చింది ఈ ఘట్టమే. న్యాయం కోసం వచ్చినవాణ్ణి 'ముందు నీ చేతులు చూపించు' అనడం తేలిక కాదు. విన్నవాళ్ళు లేచి వెళ్ళిపోకపోవడం ఇంకా గొప్ప.

అందరూ కూర్చుని నియమాలు రాసుకున్నారు. ఎక్కడ పండితే ఈ ఊరి వైన్‌ అవుతుంది? దానికి బారన్‌గారు చూపిన గుర్తు చిత్రంగా ఉంటుంది. అడవి తులసి లాంటి సువాసనతో ఉండే థైమ్‌ పొద, లావెండర్‌ పొద, రెండూ పక్కపక్కన పెరిగే బీడునేల అయితేనే హద్దు లోపల. సారవంతమైన పల్లపు భూమి పనికిరాదు! మంచి నేల ఉన్నవాడు బయట, రాళ్ళనేల ఉన్నవాడు లోపల. ఏ రకాలు వేయాలి, ఎలా కత్తిరించాలి అన్నీ నిర్ణయించారు. పంచదార కలపకుండా, పండులోని తీపితోనే ఆల్కహాలు కనీసం పన్నెండున్నర పాళ్ళు రావాలన్నారు. కోసిన పండులో కొంత భాగం తప్పనిసరిగా ఏరి అవతల పెట్టాలన్నారు. గులాబిరంగు వైన్‌ ఈ పేరుతో చేయకూడదన్నారు. హద్దు బయటపడ్డవాళ్ళు ఊరుకుంటారా? వ్యాజ్యాలు నడిచాయి. 1933లో గానీ ఫ్రాన్సు పెద్దకోర్టులో తేలలేదు. 1936 మే నెలలో, ఊరి పేరుకి చట్టబద్ధమైన రక్ష పొందిన మొట్టమొదటి ఫ్రెంచి వైన్ల జాబితాలో ఈ ఊరికి చోటు దక్కింది. ఆ జాబితా నడిపే జాతీయ సంస్థకి తర్వాత బారన్‌గారే ఇరవయ్యేళ్ళు అధ్యక్షుడు. పోచంపల్లి ఇక్కత్‌కీ, బంగినపల్లి మామిడికీ మనం తెచ్చుకున్న భౌగోళిక గుర్తింపు ఉంది చూశారూ, ఆ ఆలోచనకి పెద్దన్నల్లో ఈ ఊరూ ఒకటి.

నియమాల బరువెంతో ఒక లెక్క చెబుతాను. ఇక్కడ హెక్టారుకి 35 హెక్టోలీటర్లకు మించి వైన్‌ తీయకూడదు. మన కొలతలో ఎకరానికి 1,400 లీటర్లు, అంటే పందొమ్మిది వందల సీసాలు కూడా నిండవు. నేల ఇంకా ఇస్తానన్నా తీసుకోకూడదు. యంత్రాలతో కోయకూడదు, గుత్తి గుత్తీ చేత్తోనే.

సీసా అంటే గుర్తొచ్చింది. మా బంధువుల ఇంట్లో వంటింటి కిటికీలో మనీప్లాంటు పెట్టిన ముదురాకుపచ్చ సీసా ఒకటుంది. కొడుకు పారిస్‌ నుంచి వస్తూ ఎవరి కోసమో తెచ్చాడట, ఖాళీ అయ్యాక మా అత్తయ్యకి దక్కింది. గాజు మీద ఉబ్బెత్తుగా ఒక కిరీటం, అడ్డంగా రెండు తాళంచెవులు. 'తాళాల కంపెనీ వాళ్ళదేమో' అంటుంది ఆవిడ. అవి పోపుగారి చిహ్నాలు. 1937లో ఈ ఊరి రైతులు తమ సీసా కోసం పోతపోయించుకున్న గుర్తు. కాగితం మీద లేబులైతే ఎవడైనా అచ్చువేసుకుంటాడు, గాజులోనే ఊరి పేరు పోతపోస్తే?

ఇప్పుడు ఎగిరే పళ్ళేల దగ్గరికి వద్దాం. 1954 శరదృతువులో ఫ్రాన్సంతా అదే గోల. ఇక్కడ కనిపించాయి, అక్కడ దిగాయి అని రోజూ పత్రికల్లో వార్తలు. లూసియెన్‌ జ్యోన్‌ అనే మేయరుగారు సమయం చూసి ఉత్తర్వు వదిలారు. దేశదేశాల పత్రికలు నవ్వుకుంటూ అచ్చువేశాయి, ప్రతి వార్తలోనూ ఊరి పేరు! పైసా ఖర్చు లేని ప్రకటన. అదంతా ఊరి పేరు కోసం వేసిన ఎత్తేనని ఆయన కుమారుడు చాలా ఏళ్ళ తర్వాత చెప్పారు. 1980లలో కాలిఫోర్నియాలో ఒకాయన ఇదే రకాల ద్రాక్షతో వైన్‌ చేసి దానికి 'ఎగిరే చుట్ట' అని ఫ్రెంచిలో పేరు పెట్టుకున్నాడు. 2016లో అప్పటి మేయరుని ఈ చట్టం రద్దు చేస్తారా అని అడిగితే, ససేమిరా అన్నారు.

దొంగలు మాత్రం ఆకాశంలోంచి రానక్కర్లేదు. 2018లో ఫ్రాన్సు అధికారులు ఒక సంగతి బయటపెట్టారు. రోన్‌ ప్రాంతంలోని ఒక పెద్ద టోకు వ్యాపార సంస్థ 2013 నుంచి మూడు నాలుగేళ్ళ పాటు మామూలు చవక వైన్‌ని రోన్‌ ప్రాంతపు పేరున్న వైన్‌గా చలామణీ చేసిందట. కోట్లాది సీసాలకు సరిపడా సరుకు. అందులో కొంత మన ఊరి పేరుతో కూడా వెళ్ళింది. తొంభై అయిదేళ్ళ నాటి జబ్బే!

దొంగని పట్టుకోవచ్చు. ఎండని ఎలా పట్టుకోవడం? వేసవులు ముదురుతున్నాయి. పూర్వం సెప్టెంబరు గడిస్తే గానీ పండని గుత్తులు ఇప్పుడు త్వరపడుతున్నాయి, ఆగస్టు చివర్లో కత్తెర్లు బయటికి తీయడం ఇవాళ వింత కాదు. పండులో తీపి పెరిగితే ఆల్కహాలు పెరుగుతుంది. కొన్ని ఏళ్ళల్లో 15 దాటి 16 దగ్గరికి వెళుతోంది. ఆ స్థాయిలో వైన్‌ గొంతులో మండుతుంది, పులుపు తగ్గి మందకొడిగా తయారవుతుంది. విడ్డూరం చూడండి. 1923లో పెద్దలు 'ఇంతకన్నా తగ్గకూడదు' అని కనిష్ఠం రాశారు. ఎక్కువైతే ఏం చేయాలో రాయలేదు. ఆ రోజు వాళ్ళ భయం నీళ్ళ వైన్‌ గురించి. రాత్రి కూడా సెగ ఇచ్చే గులకరాళ్ళు ఒకప్పుడు వరం, ఇప్పుడు కొన్ని ఏళ్ళల్లో అదే బాధ.

అందుకని రైతులు ఆ 13 రకాల పాత జాబితా మళ్ళీ తీసి చదువుతున్నారు. కునూవాజ్‌, వకారెజ్‌ లాంటి పేర్లు చాలాకాలంగా ఏదో చాదస్తానికి ఉంచినవనే అనుకున్నారు. రంగు తక్కువ, తీపి తక్కువ, ఎవరికి కావాలి? ఆ తక్కువే ఇప్పుడు కావాలి. పులుపు నిలుపుకునే తెల్లద్రాక్షని గ్రెనాష్‌తో పాటే తొట్టిలో వేసి చూస్తున్నవాళ్ళూ ఉన్నారు. నియమం అడ్డు చెప్పదు, పెద్దలు అప్పుడే ఒప్పుకున్నారు. చిక్కల్లా కాలంతోనే. నాటిన తీగ మూడు నాలుగేళ్ళకి కాపుకొస్తుంది గానీ, దాని పండుతో పెద్ద వైన్‌ చేయొచ్చని ఆ ఊళ్ళో ఎవరూ అంత తొందరగా ఒప్పుకోరు. అక్కడ యాభై ఏళ్ళ తీగ మామూలు, వందేళ్ళవీ ఉన్నాయి. ఈ ఏడు రాళ్ళు పక్కకి నెట్టి గుంట తీసి కునూవాజ్‌ అంటు పెడుతున్న రైతు, అది ముదిరేసరికి ఎండ ఎలా ఉంటుందో లెక్క వేసుకునే పెడుతున్నాడు.